అర చుట్టు

ధర్మవరం,
1936 జూన్ 14

అక్క హనుమక్కకు తమ్ముడు ఓబులేసు నమస్కరించి రాయడమేమనగా, ఇక్కడ నేనూ కుళ్ళాయమ్మా బాగున్నాము. హిందూపురంలో నీవూ, గంగాధర బావా, మీ అత్తగారూ క్షేమమని తలుస్తాను.

నాయన పోయి పదిహేను నెలలయింది. కర్మలు ముగిసి నీవు రైలెక్కిన దినం మన ఇద్దరికీ మాటల్లేవు. నాయన తంబూరా నీవడిగితే నేనివ్వలేదు. ఇప్పుడు ఆ తంబూరా గురించే నిన్ను అడగవలసి వచ్చింది. సిగ్గు విడిచి అడుగుతున్నాను.

అందులో చివరి తీగ, ఆ లావు ఇత్తడిది, మంద్రం, నిలవడం లేదు. శనివారం పొద్దున భజన పెద్ద నారాయణ ఇంటికి మోసుకుపోయి శ్రుతి చేయించి తెస్తాను. సాయంత్రం మగ్గం దిగి, బావి దగ్గర కాళ్ళు కడుక్కొని, గుడికి పోదామని తంబూరా ఎత్తుకుంటే ఆ ఒక్క తీగా వదులై వేలాడుతుంటుంది. మిగతా మూడూ బాగానే ఉంటాయి. గుడిలో నారాయణ మళ్ళీ తీగ బిగించే బిరడ పట్టుకొని తిప్పుతూ కూర్చుంటాడు. అందరూ ఆవలిస్తుంటారు. పోయిన శనివారం, "మీ నాయన కూర్చున్న చోట కూర్చుంటే చాలదప్పా ఓబులేసూ, చెవి గూడా ఉండల్ల" అన్నాడు.

నిజమే గదా. నాయన నాకు మగ్గం నేర్పినాడు, నీకు శ్రుతి నేర్పినాడు. ముక్కోటి ఏకాదశి లోపల ఈ తీగ నిలవకపోతే శ్రుతిపెట్టె తెప్పించుకుంటామని భజనవాళ్ళు ఖాయంగా చెప్పారు. పెట్టె వచ్చిందంటే తంబూరాతో పనిలేదు, నాతోనూ పనిలేదు. నలభై ఏళ్ళు నాయన కూర్చున్న చోటు నా చేతిలో పోతుంది. ఏం చేయాలో తెలియజేయవలెను.

ఓబులేసు


హిందూపురం,
జూన్ 23

ఓబులేసుకు అక్క దీవెనలు.

పదిహేను నెలలకు నీకు అక్క జ్ఞాపకం వచ్చింది. అదీ తీగ పుణ్యమా అని. సంతోషం.

తీగ ఊరికే జారదు. ముందు కింద చూడు, తంబూరా బుర్ర అడుగున తీగ ముడి వేసిన చోట. అక్కడ ముడి కదులుతుంటే పైన ఎంత తిప్పినా దండగ. అది గట్టిగా ఉంటే పైకి వచ్చి బిరడ మీద చుట్లు చూడు. నీవు మగ్గపువాడివి, కండె చుట్టినట్టు చుట్టు మీద చుట్టు వేసి ఉంటావు. నిన్ను నేనెరుగనా? తీగ అట్లా వేస్తే మీది చుట్టు కింది చుట్టును తోసుకొని జారుతుంది. పక్కపక్కన వేయాలి, మూడు చుట్లు మించకూడదు. అప్పటికీ జారితే బిరడ బయటికి లాగి చూడు. కొయ్య నున్నబడి మెరుస్తుంటే సుద్దముక్క పొడి చేసి పూసి, మెల్లిగా లోపలికి నొక్కుతూ తిప్పు.

నాకు రాయడానికి తీరిక లేదు. మా అత్త మంచాన పడి మూడో ఏడు నడుస్తున్నది. మా మరదలు కుళ్ళాయమ్మను అడిగినానని చెప్పు.

హనుమక్క


ధర్మవరం,
జూలై 8

అక్కకు నమస్కారాలు.

నీవు దగ్గరుండి చూసినట్టే రాశావు. చుట్టు మీద చుట్టే వేశాను. అచ్చం కండె. విప్పి పక్కపక్కన వేశాను. కింద ముడి గట్టిగా ఉంది. అయినా సాయంత్రానికి తీగ జారింది.

సుద్దముక్క చేతికి దొరకలేదు. బడి దాకా ఎవరు పోతారని గంజి పూశాను. మనకు తెలిసిన మందు అదొక్కటే గదా. ఎండేసరికి బిరడ కొయ్యలో కొయ్యయి కూర్చుంది. పట్టకారు పెట్టి నేనూ పక్కింటి మనిషీ గుంజితే వచ్చింది. కడిగి, ఆరబెట్టి, చివరికి సుద్ద తెచ్చి పూశాను. మరుసటి సాయంత్రం మళ్ళీ అదే కథ.

నీ జాబు కుళ్ళాయమ్మకు చదివి వినిపించాను. ఆమెకు అక్షరాలు రావు గదా. కండె చుట్టినట్టు అన్న చోట నవ్వింది. "ఆ ముక్క ఇంగోసారి చదువు" అంది. చదివాను. మళ్ళీ నవ్వింది. మా పాప పోయి మూడేళ్ళు, అక్కా. నాలుగేళ్ళ బిడ్డ జ్వరంతో పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో మగ్గం చప్పుడే గాని మాట చప్పుడు లేదు. ఆమె పోగులు అతుకుతుంది, నేను నేస్తాను. అన్నం పెడుతుంది, తింటాను. అందుకని ఆ నవ్వు సంగతి నీకు రాయాలనిపించింది.

తీగ మాట మరువకు.

ఓబులేసు


హిందూపురం,
జూలై 30

ఓబులేసుకు దీవెనలు.

బిరడకు గంజి! నాయన ఉంటే నీ చెవి మెలిపెట్టి ఉండేవాడు. ఆయన లేడు గనుక నేను తిడుతున్నాను, తిట్టించుకో. కుళ్ళాయమ్మకు ఈ ముక్క కూడా రెండుసార్లు చదువు.

ఆలస్యమైంది. ఈ ఇంట్లో చింతపండు గింజ తీయడం మొదలైతే ఆడవాళ్ళకు వేళ్ళ మధ్య తోలు ఉండదు. బావ మండీ నుంచి బస్తాలు పంపుతాడు, పోగు తరగదు. మధ్యలో అత్తను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. నేను పాడి పదిహేనేళ్ళయింది. ఈ ఇంట్లో ఆడవాళ్ళు పాడరని వచ్చిన మొదటి వారమే చెప్పినారు. గింజలు తీస్తూ లోపల్లోపల మంద్రం పట్టి చూస్తాను. ఇంకా నిలుస్తున్నదిలే.

పెనుకొండలో వడ్రంగి పోతులయ్య ఉన్నాడు గదా, ఆ బిరడలు చెక్కినవాడు. మీ అత్తవారి ఊరే. తంబూరా తీసుకుపోయి చూపించు. బిరడ అరిగిందో, దాని తూటు పెద్దదయిందో ఆయన చేయి పెట్టి చెప్తాడు.

నాయన సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. చిన్నదే. దీనికి సంబంధం ఉందో లేదో. ఇంకోసారి రాస్తాను.

హనుమక్క


పెనుకొండ,
సెప్టెంబరు 5

అక్కకు నమస్కారాలు. మా అత్తవారింటి నుంచి రాస్తున్నాను.

ఒక చీర దించి, ఇంకో పడుగు ఎక్కించే లోపల నాలుగు దినాలు సందు దొరికింది. తంబూరాను దుప్పట్లో చుట్టి, బిడ్డను మోసినట్టు బండిలో ఒళ్ళో పెట్టుకొని వచ్చాను. కుళ్ళాయమ్మను రమ్మంటే, ఇంట్లో పట్టు ఉంది, ఎవరు కాపలా అని అక్కడే ఉండిపోయింది.

పోతులయ్య ముసలివాడయ్యాడు, అయినా చూపు వేళ్ళలో ఉంది. బిరడ పీకి, తడిమి, తూటులో వేలు పెట్టి తిప్పి, "ఈ బిరడలో తప్పేమీ లేదప్పా. నేను చెక్కింది నాకు తెల్దా? తప్పు ఇంగ యాడో ఉండాది" అన్నాడు. నేను నమ్మలేదు. "అయితే మూడు దినాలు ఈడనే పెట్టి చూడు" అన్నాడు. ఆయనే శ్రుతి చేసి పెట్టాడు.

అక్కా, మూడు సాయంత్రాలూ తీగ నిలిచింది! మీటితే గుయ్యిమని ఇల్లంతా నిండింది. నాకే తెలిసింది, చెవి లేనివాడికి. ఇక్కడి కొండగాలి దానికి పడిందేమో. లేక పోతులయ్య చేతి గుణమో. ఏదైతేనేం, గండం గడిచింది. రేపు పొద్దున బండికి పోతున్నాను.

ఓబులేసు


ధర్మవరం,
సెప్టెంబరు 9

అక్కా,

ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రమే జారింది.

నాకు ఓపిక లేదు. పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటాను, సాయంత్రమయ్యేసరికి ఈ తీగ ఎదురు చూస్తుంటుంది. నారాయణ బెంగుళూరుకు రాసి శ్రుతిపెట్టెకు ఏర్పాటు చేశాడట. ఏకాదశి దాకా ఆగుతామన్నారు, నా ముఖం చూసి కాదు, నాయన ముఖం చూసి.

నీవడిగిన నాడే తంబూరా నీకు ఇచ్చి ఉండవలసింది. పంతానికి పోయాను. హిందూపురంలో దాన్ని ఎవరు మీటుతారు అని నలుగురిలో అన్నాను. ఆ మాటకు నన్ను క్షమించు. బావతో ఒక మాట చెప్పి రాయి, దసరా లోపల బండికెక్కించి పంపుతాను. నాయన చోటు నాకు రాసిపెట్టి లేదు. ఉన్నన్నాళ్ళు ఆయన నా గొంతు విని తల పక్కకు తిప్పుకునేవాడు, ఇప్పుడు తీగ కూడా అదే చేస్తున్నది.

పంపేస్తానని కుళ్ళాయమ్మతో అన్నాను. విడదీస్తున్న పట్టు అక్కడే వదిలిపెట్టి లేచి లోపలికి పోయింది.

ఓబులేసు


హిందూపురం,
అక్టోబరు 2

ఓబులేసుకు అక్క దీవెనలు.

పంపొద్దు. ముందే చెప్తున్నాను.

నీవన్న మాటకు నాకు కోపం వచ్చిన సంగతి నిజం. కానీ నీవన్నదీ నిజమే. ఇక్కడ దాన్ని ఎవరు మీటుతారు? చింతపండు బుట్టల మధ్య నిలబెట్టి దుమ్ము తుడుచుకుంటాను, అంతేగదా. నాయన పోయినాడు, చేతికి ఏదో ఒకటి పట్టుకొని రైలెక్కాలనిపించింది, అడిగాను. నీవూ ఏదో ఒకటి పట్టుకొని ఉండాలనే ఇవ్వలేదు. పదిహేను నెలలు దీనికి పోగొట్టుకున్నాము.

ఏకాదశికి ఇంకా రెండున్నర నెలలుంది. నేను చెప్పినట్టు చెయ్యి. నారాయణ శ్రుతి చేసిన వెంటనే, అక్కడే, బిరడ తల మీద సున్నంతో ఒక చుక్క పెట్టు. దానికి సరిగ్గా ఎదురుగా దండి మీద ఇంకో చుక్క. రెండు చుక్కలూ ఒకదానికొకటి చూసుకుంటుండాలి. సాయంత్రం తీగ జారినాక బిరడను ముట్టుకోకుండా చుక్కలు చూడు. ఎంత దూరం పోయింది, ఏ వైపు పోయింది రాయి. నాలుగు రోజులు చూసి రాయి. నీకు చెవి లేకుంటే పోనీ, పోగు తెగితే చీకట్లోనైనా కనిపెట్టే కన్నుంది గదా.

హనుమక్క


ధర్మవరం,
అక్టోబరు 27

అక్కకు నమస్కారాలు.

చుక్కలు పెట్టాను. నారాయణ చూసి, "ఏమప్పా, బిరడకు బొట్టు పెట్టి పెండ్లి చేస్తాండావా" అని ఎగతాళి చేశాడు. పడ్డాను.

మొదటి సాయంత్రం బిరడ మీది చుక్క సరిగ్గా అవతలి వైపుకు పోయింది. అర చుట్టు. మరునాడు పొద్దున చుక్కకు చుక్క కలిపి పెట్టాను, సాయంత్రం మళ్ళీ అర చుట్టు. మూడోనాడు అంతే. నాలుగోనాడూ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇందులో నీకేమైనా అర్థమయిందా? నాకు కాలేదు. కుళ్ళాయమ్మను అడిగి ప్రయోజనం లేదని అడగలేదు.

ఓబులేసు


హిందూపురం,
నవంబరు 20

ఓబులేసుకు దీవెనలు.

మా అత్త పోయింది. ఈ నెల మూడో తేదీ. పదకొండు దినాలూ అయినాయి. మూడేళ్ళు ఆమెను తిప్పిన చేతులు ఇప్పుడు పని లేక ఊరికే లేస్తున్నాయి. ఏడుపు రాలేదు, అలుపే వచ్చింది. అందుకే జాబు ఆలస్యం.

ఇక తీగ సంగతి. జారే బిరడకు లెక్క ఉండదు. ఒకనాడు వేలెడు జారుతుంది, ఒకనాడు గోరంత. నాలుగు దినాలు వరసగా అర చుట్టు పోయిందంటే అది జారడం కాదు. చెయ్యి తిప్పడం.

నాయన సంగతి ఒకటి రాస్తానన్నాను గదా. ఇదే. సాయంత్రం మగ్గం దిగేటప్పుడు పడుగు తాడు వదులు చేస్తాము, పోగులు రాత్రంతా బిగువు మీద ఉండకూడదని. నాయన అదే చేత్తో తంబూరా మంద్రం కూడా అర చుట్టు వెనక్కి తిప్పేవాడు. "మూడూ సన్నవి, వాటికేం. ఇదొక్కటే పొద్దంతా బరువు లాగింది, దీన్ని గూడా కాసేపు పండనీ" అనేవాడు. భజన ఉన్న దినం గుడిలో మళ్ళీ బిగించుకునేవాడు. పాటగాళ్ళు విన్నారంటే నవ్విపోతారు, తీగను దినమూ అట్లా విప్పితే అదెన్నటికీ కుదురుకోదని. మన నాయన మగ్గపువాడు గనుక చేసినాడు. నాకు పదేళ్ళు వచ్చినాక దీపాలు పెట్టే వేళ ఆ పని నాదే అయింది. నీవు ఆ వేళకు బావి దగ్గర ఉండేవాడివి, చూసి ఉండవు.

నేను పెండ్లయి వచ్చేశాను. నాయన చివరి రెండేళ్ళూ మంచం దిగలేదు. తంబూరా ఆ మంచం పక్కనే ఉండె. మరి ఎవరు వదులు చేసి ఉంటారు?

మూడు ఊళ్ళలో అడిగినావు. నారాయణను, వడ్రంగిని, నన్ను. నీ ఇంట్లో ఉన్న మనిషిని అడిగినావా?

ఇంకొక మాట దాచకుండా రాస్తాను. పెనుకొండలో మూడు దినాలు నిలిచిందని రాసినప్పుడే నాకు తెలిసిపోయింది. జూలైలోనే అనుమానం. అయినా రాయలేదు. తీగ బాగైతే నీవు రాయడం మానుకుంటావని. ఈ ఇంట్లో నా పేరు మీద వచ్చేవి నీ జాబులొక్కటే. తప్పు నాది. కుళ్ళాయమ్మను ఒక్క మాట అనవద్దు. మెల్లిగా అడుగు.

అక్క


ధర్మవరం,
డిసెంబరు 26

అక్కకు ఓబులేసు నమస్కారాలు.

నీ జాబు ఎప్పటిలాగే కుళ్ళాయమ్మకు చదువుతూ వచ్చాను. ఆమె ఎదురుగా పట్టు విడదీస్తున్నది. మీ అత్తగారి సంగతి చదివాను, అయ్యో అంది. నాయన మాటలు చదివాను, చెయ్యి ఆగింది. "మరి ఎవరు వదులు చేసి ఉంటారు" అన్న చోట చదవడం ఆపాను.

"ఆపితివే? చదువు" అంది, తల ఎత్తకుండానే.

"నువ్వా?" అన్నాను.

"నేనే."

అరవాలనుకున్నాను, అక్కా. ఆరు నెలలు, నారాయణ ఎగతాళి, పెనుకొండ ప్రయాణం, గంజి, సుద్ద, అన్నీ నోటి దాకా వచ్చాయి. నీవు మెల్లిగా అడగమన్నావు గనుక మింగి, ఎందుకని అడిగాను.

ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. "మామ మంచంలో ఉన్నన్నాళ్ళు నాతోనే వదులు చేయిస్తాండె. ఆయప్ప పోయినంక గూడా దీపం పెట్టినాక నా చెయ్యి ఆడికే పోతాండె. మొదట నువ్వు తిట్టుకునేది ఆ తీగ గురించని నాకు తెల్దు. వదిన జాబు చదివినప్పుడు తెలిసె. చెప్దామనే అనుకుంటి. ఆ పొద్దు నువ్వు నాకు చదివి వినిపించి, నవ్వితివి. పాప పోయినంక నువ్వు నా ముఖం చూసి మాట్లాడింది అదే మొదలు. తీగ నిలబడితే జాబులు నిలిచిపోతాయి, మళ్ళా ఈ ఇంట్లో మగ్గమే మాట్లాడ్తాది అనుకుంటి. నువ్వు దాన్ని పంపేస్తా అన్న దినం లోపలికి పోయి ఏడిస్తి. అప్పటికైనా చెప్పల్ల. చెప్పలేకపోతి."

నేను నవ్విన సంగతే నాకు తెలియదు. నీకు రాసిన జాబులో ఆమె నవ్వింది అని రాశాను, చూడు. నేనూ నవ్వానట.

అక్కా, నాకు చాలా సిగ్గయింది. బిడ్డ పోయింది నాకొక్కడికే అన్నట్టు మూడేళ్ళు గోడ చూసుకొని తిన్నాను. ఆ సాయంత్రం చాలాసేపు పాప మాట మాట్లాడుకున్నాము. పాప కండెలు దొర్లించి ఆడుకునేది, ఒకనాడు నాయన మంచం కోళ్ళకు పట్టుపోగు చుట్టి పెట్టింది, ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. పేరు పెట్టి పిలిచి మాట్లాడుకున్నాము.

మొన్న ముక్కోటి ఏకాదశి. దాని ముందునాడు పొద్దున నారాయణ దగ్గరికి పోలేదు. చుక్కలున్నాయి గదా, కలిపితే చాలని తంబూరా ముందు వేసుకొని కూర్చున్నాను. కుళ్ళాయమ్మ వచ్చి, "ఇట్లియ్యి" అంది. తీసుకొని, కళ్ళు మూసుకొని, గొంతులో సన్నగా ఏదో పట్టుకొని, తీగ మీటుతూ బిరడ తిప్పింది. ఒకసారి దాటిపోయింది, వెనక్కి వచ్చింది. ఆగింది. నేను వంగి చూశాను. సున్నపు చుక్కలు రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. ఆమె వాటిని చూడనే లేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావే" అంటే, "వదులు చేసినామె పొద్దున బిగించొద్దా? మామకు చేతుల్లో బలం యాడుండె" అంది. రెండేళ్ళు నాయన ఆమెకు శ్రుతి చెప్పాడు, అదే ఇంట్లో పది అడుగుల దూరంలో నేను నేస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం వదులు చేయలేదు. గుడిలో నారాయణ అలవాటుగా బిరడ మీద చెయ్యేసి, ఒకసారి మీటి, చెయ్యి తీసేశాడు. "ఎవరు చేసినారప్పా శ్రుతి?" అన్నాడు. "మా ఇంట్లో" అన్నాను. బెంగుళూరు శ్రుతిపెట్టె గుడ్డ విప్పకుండానే మూలన ఉంది. నేను నాయన చోట కూర్చున్నాను. తెల్లవారి ఉత్తరద్వారం తెరిచేదాకా తీగ నిలిచింది.

ఇదంతా రాస్తుంటే కుళ్ళాయమ్మ పక్కనే కూర్చొని ఉంది. ఏమి రాశావో చదవమంది, చదివాను. విని, "తీగ బాగయిందని వదినకు రాయొద్దు" అంది. అప్పటికే రాసేశాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఏం చేయమంటావు?

ఓబులేసు


హిందూపురం,
1937 జనవరి 4

ఓబులేసుకూ కుళ్ళాయమ్మకూ అక్క దీవెనలు.

మంద్రం తీగ సంగతి తెలిసింది. అయితే ఆరు నెలల నుంచి రాస్తున్నావు గాని, మిగతా మూడు తీగలు బాగానే ఉన్నాయన్న ఒక్క ముక్క తప్ప వాటి గురించి నీవేమీ రాయలేదు. నాకు నమ్మకం లేదు. ఒక్కొక్కదాన్నీ పరీక్షగా చూడు. చెవి కుళ్ళాయమ్మది, కన్ను నీది. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క జాబు విడిగా రాయి. పోస్టులో వేసే ముందు ఆమెకు చదివి వినిపించు, ఆమె చెప్పింది చేర్చు. తొందరేమీ లేదు.

ముందు మొదటి తీగ. అదెట్లుంది?

హనుమక్క